మామూలు తెలుగు

నేను ఒక మైకుని. సభల్లో నాయకులు తట్టి చూసే లావుపాటి మైకులు వేరు, నేను వేరు. వేలంత లావు, మూరకు కాస్త తక్కువ పొడవు ఉండే నల్లటి గొట్టాన్ని. నా ఎదుట ఎవరుంటే వాళ్ల గొంతే పట్టుకుంటాను. పక్కన పెళ్లి జరుగుతున్నా నాకు సరిగ్గా వినపడదు. నన్ను చేసిందే అందుకు. పుట్టింది ఎక్కడో చలిదేశంలో. అక్కడ తెల్లకోటు వేసుకున్న ఒకావిడ నా వినికిడి పరీక్షించి, స్పాంజి పెట్టెలో పడుకోబెట్టింది. ఆ పెట్టె మళ్లీ తెరుచుకున్నది హైదరాబాదు కృష్ణానగర్‌లో, ఒక డబ్బింగ్ థియేటర్‌లో.

థియేటర్ యజమాని, సౌండ్ ఇంజనీరు, టీ కాచే మనిషి, మూడూ దేవదానం గారే. గుంటూరు వైపు మనిషి. నన్ను మెత్తటి గుడ్డతో ఆయనే తుడిచేవారు, ఇంకొకరిని ముట్టుకోనిచ్చేవారు కాదు.

అక్కడ ఏళ్ల తరబడి మనుషుల్ని విన్నాను. విచిత్రమైన జాతి. తెరమీద ఇంకెవరో ఏడుస్తుంటే వీళ్లు చీకటి గదిలో నిలబడి ఏడుస్తారు. మధ్యలో ఆపి, గ్యాస్ బండ బుక్ చేశారా అని ఇంటికి ఫోన్ చేసి, మళ్లీ అందుకుంటారు. పేరు తెరమీది మనిషికొస్తుంది. వీళ్లకు గొంతు బొంగురుపోతుంది.

అలా వచ్చినవాళ్లలో నీలవేణి ఒకతె. శ్రీకాకుళం జిల్లా, పలాస దగ్గర ఊరు. వాళ్లమ్మ జీడిపిక్కల ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టి పెంచింది. ఆ పిక్కల నూనెకు వేళ్లు నల్లబడి, గీతలు అరిగిపోయి, చివరి రోజుల్లో రేషన్ మెషిన్ ఆవిడ వేలిముద్రను పట్టలేదు. "ఇది నేనే" అని ఆ తల్లి నలుగురికీ చెప్పుకోవలసి వచ్చింది. నీలవేణి ఈ సంగతి దేవదానం గారికి ఒకసారి చెప్పింది. అప్పుడు నేను అక్కడే ఉన్నాను.

ఆమెకు రెండు రకాల పని దొరికేది. హీరోయిన్లకు నున్నటి తెలుగు. పనిమనుషులకు, చేపలమ్మేవాళ్లకు, గయ్యాళి అత్తలకు తన సొంత ఊరి తెలుగు. రెండో రకం చెప్పినప్పుడు అద్దం అవతల కంట్రోల్ గదిలో అందరూ నవ్వేవారు. నవ్వించడానికే కదా అని ఆమె కూడా నవ్వేది.

ఒకరోజు ఒక సీన్ వచ్చింది. సముద్రంలోకి వెళ్లిన కొడుకు తిరిగి రాలేదని తెలిసిన తల్లి. "నీ యాసలోనే చెప్పమ్మా, నేచురల్‌గా ఉంటుంది" అన్నాడు దర్శకుడు. నీలవేణి చెప్పింది. అంత నిజమైన ఏడుపు నా దగ్గరికి ఎప్పుడూ రాలేదు. అద్దం అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. దర్శకుడు కాస్త ఇబ్బందిగా, "బాగా చెప్పావు గానీ, జనం నవ్వేస్తారమ్మా. మామూలు తెలుగులో చెప్పేద్దాం" అన్నాడు. ఆమె నీళ్లు తాగి, మామూలు తెలుగులో మళ్లీ ఏడ్చింది.

అందరూ వెళ్లాక దేవదానం గారిని అడిగింది. "మా అమ్మ ఏడిచినా నవ్వుతారా సార్?"

ఆయన హెడ్‌ఫోన్స్ తీగ చుట్టి కొక్కేనికి తగిలించారు. "నువ్వే ఒక సినిమా తియ్యి, తెలుస్తుంది" అన్నారు. వేళాకోళానికి అన్నారో, నిజంగానే అన్నారో నాకు తెలియలేదు. ఆమె మాత్రం నిజంగానే తీసుకుంది.

అది మొదలు. పనిలేని రోజుల్లో థియేటర్ మెట్లమీద కూర్చుని కథ రాసింది. వేలిముద్ర పడని ఒక జీడిపిక్కల కూలీ, తానే తానని నిరూపించుకోవడానికి తిరిగే కథ. ఈలోగా పెద్ద స్టూడియోలు వచ్చి థియేటర్ మూతపడింది. కుర్చీలు, తెర, అద్దం అన్నీ పోయాయి. నన్ను మాత్రం దేవదానం గారు సంచిలో పెట్టుకుని నీలవేణితో పాటు రైలెక్కారు. "సౌండ్ ఎవరు చేస్తారే నీకు?" అన్నారు. అంతే, అదే ఒప్పందం.

పలాసలో వాళ్లు ఒక మూసేసిన బడి వరండాలో మకాం పెట్టారు. నాకు గాలి తగలకుండా బూడిదరంగు బొచ్చు తొడుగు వేసి, పొడవాటి కర్ర చివర కట్టారు. నటించడానికి ఇష్టమున్న ఆడవాళ్లు రావచ్చని కబురు చేస్తే, చుట్టుపక్కల వీధులన్నీ కదిలాయి.

"ఓలమ్మా, ఇదేటి? పిల్లిని కర్రకి గుచ్చినారేటి?" అని నన్ను చూసి ఒకటే నవ్వు.

అంతవరకూ గలగలా మాట్లాడుకున్నవాళ్లు నా ఎదుటికి రాగానే మారిపోయేవారు. "మీరు నన్ను ఎందుకు మోసం చేశారు?" అని టీవీ సీరియల్లోలా కళ్లు పెద్దవి చేసేవారు. ఆ మాట వాళ్లింట్లో ఎవరూ ఏనాడూ అని ఉండరు. నీలవేణి ఓపిగ్గా, "అలా కాదండీ, మీరు ఇంట్లో ఎలా మాట్లాడతారో అలా మాట్లాడండి" అనేది. వాళ్లు తలూపి, ఇంకొంచెం గట్టిగా సీరియల్ మాట్లాడేవారు.

మూడో రోజు దాలమ్మ వచ్చింది. నటించడానికి కాదు, వరండాలో నిలబడ్డ కోడల్ని ఇంటికి లాక్కుపోవడానికి. "ఏటే, పొయ్యిమీద ఎసరెట్టీసి ఇక్కడ సినిమాలేటి నీకు? అన్నమెవులు వొండుతారు, మీ నాన్నొచ్చి వొండుతాడా?"

దేవదానం గారు హెడ్‌ఫోన్స్ మీద చెయ్యి వేసి, నీలవేణి వైపు చూసి, తల ఒక్కసారి ఆడించారు.

దాలమ్మను ఒప్పించడానికి వాళ్లు రోజూ ఆమె ఇంటికి వెళ్లారు. "నా మొకం ఎవులు సూత్తారమ్మా" అనేది గానీ టీ పోసేది. ఆఖరికి వచ్చింది. వచ్చాక అదే కష్టం. నీలవేణి సీన్ వివరిస్తే దాలమ్మ కొయ్యలా బిగుసుకుపోయేది. ఒక రోజంతా అలాగే గడిచాక దాలమ్మే విసుక్కుంది.

"నువ్వలగ పేపరు సదివినట్టు మాటాడితే నాకు బయ్యమేస్తాది. నువ్వెవులి పిల్లవే అసలు?"

"పిక్కలు కొట్టే ఎర్రమ్మ కూతుర్ని."

"ఎర్రమ్మ కూతురివా! మరి మీయమ్మతో ఇలగే మాటాడినావేటి?"

నీలవేణి నోరు తెరిచింది. ఇన్నేళ్లు నా ముందు పనిమనుషుల కోసం చులాగ్గా పలికిన యాస, ఇప్పుడు తనకోసం పలకాలంటే తడబడింది. "నేదు పిన్నీ" అంది చివరికి, మెల్లగా. "అమ్మతోటి ఇలగ మాటాడనేదు." ఆ సాయంత్రం మొదటిసారి దాలమ్మ సీన్ చేసింది. చేసిందనడం కూడా తప్పే. మెషిన్ మీద వేలు పెట్టి, అది పట్టకపోతే, "ఈ ఏలు నాది కాదేటి బాబూ?" అని అడిగింది, అంతే.

అది వినడానికి హైదరాబాదు నుంచి ఫణీంద్ర గారు వచ్చారు. కథ నచ్చి సినిమాకు పెట్టుబడి పెడతానన్న నిర్మాత. మర్యాదస్తుడు, చెప్పులు వరండా బయటే విడిచారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నారు. మొదటి మాటకే ఆయన పెదవులు నవ్వుకు కదిలాయి. దాలమ్మ ఎదురుగానే కూర్చుని ఉంది.

"ఏటి బాబూ, నవ్వొచ్చిందేటి? నవ్వొచ్చీ మాట నానేటన్నాను?"

ఆయన ముఖం ఎర్రబడింది. "లేదమ్మా, బాగుంది" అని లేచి, నీలవేణిని పక్కకు పిలిచారు. "చూడమ్మా, నేను అబద్ధం చెప్పను. ఆవిడ అద్భుతం. కానీ రెండు గంటలు ఈ భాషలో జనం కూర్చోరు. తెలిసిన హీరోయిన్‌ని పెడదాం, మామూలు తెలుగులో రాయి. డబ్బింగ్ నువ్వే చెబుదువుగాని. ఈవిడకు పక్కింటి పాత్ర ఇద్దాం, సరదాగా ఉంటుంది."

నీలవేణి సరేనంది. ఆశ్చర్యపడకండి, నేను పడలేదు. సినిమా అసలు లేకపోవడం కన్నా ఏదో ఒక సినిమా ఉండటం మేలని ఆమె లెక్క. దేవదానం గారు నా బొచ్చు తొడుగు విప్పి దులిపారు.

మర్నాడు ఆమె దాలమ్మకు చెప్పడానికి వెళ్తూ ఆయన్ని తోడు పిలిచింది. నేను ఆయన సంచిలో ఉన్నాను. దాలమ్మ ఏమీ బాధపడలేదు. "పోన్లేయే, నాకు పనుంది" అంది. చేటలో బియ్యం ఏరుతూ అడిగింది.

"మరి ఆ హీరోయినుకి మనలాగ మాటాడ్డమొచ్చా?"

"రాదు పిన్నీ. ఆమెకి నానే సెప్తాను."

"నువ్వయితే బాగానే సెప్తావులే."

"మన మాట కాదు పిన్నీ. మామూలు తెలుగు."

చేట ఆగింది. "మన మాట మామూలుది కాదేటే?"

వెక్కిరింత లేదు ఆ గొంతులో, కోపమూ లేదు. తెలియక అడిగింది. నీలవేణి బయటికొచ్చి, గుమ్మం పక్కన అరుగుమీద కూర్చుని, ఫణీంద్ర గారికి ఫోన్ చేసింది. "నాను తీసీది ఈ మాటలోనే సార్, దాలమ్మ పిన్నితోనే. మీకు కుదరదంటే నాకు కోపం లేదు." తను ఏ భాషలో మాట్లాడిందో ఆమెకే తెలిసినట్టు లేదు. ఆయన బాధగానే వీడ్కోలు చెప్పారు.

ఆ తర్వాత సినిమా చిన్నదయింది. ఆ కూలీ పట్నంలో దారి తప్పిపోయే సీన్ తీసేశారు, వాన సీన్ తీసేశారు. కెమెరామన్ తన సొంత కెమెరాతో వస్తానన్నాడు. పిక్కలు రాని నెలల్లో ఒక ఫ్యాక్టరీ ఖాళీగా ఉంటుందంటే, దాని యజమాని ఇంటిచుట్టూ తిరిగి ఒప్పించారు. భోజనాలు దాలమ్మ వీధి ఆడవాళ్లు తలో పూట పంచుకున్నారు. సీరియల్ మాట్లాడినవాళ్లందరికీ ఏదో ఒక పాత్ర దొరికింది, మాట్లాడనక్కర్లేనిది.

షూటింగ్ మొదటి ఉదయం దాలమ్మ పట్టుచీర కట్టుకుని, పౌడరు రాసుకుని, మల్లెపూలు పెట్టుకుని వచ్చింది. అందరూ చూస్తుండగా నీలవేణి ఆమెను ఇంటికి తీసుకెళ్లి పాత చీర కట్టించింది. పూలు తీయనంటే, కొంగు కప్పుకోమంది.

ముందు దేవదానం గారు ఫ్యాక్టరీ గదిలో మాటల్లేని చప్పుడు రికార్డు చేయాలన్నారు, తర్వాత మాటల మధ్య అతకడానికి. ఎవరూ ఊపిరి గట్టిగా తీయవద్దన్నారు. వీధి వీధంతా ఊరుకుంది. దూరంగా ఎవరింట్లోనో కుక్కర్ కూత వేసి ఆగింది.

తర్వాత కెమెరా తిరిగింది. అందరూ నీలవేణి వైపు చూశారు. యాక్షన్ అనాలి. ఎందరికో గొంతిచ్చిన మనిషికి ఒక్క మాట రాలేదు. వెలుతురు కింద కూర్చున్న దాలమ్మ కాసేపు చూసి, తలెత్తి అడిగింది.

"మొదలెట్టీమంటావేటే?"

"మొదలెట్టీ పిన్నీ."

రెండు గొంతులూ నాలో పడ్డాయి. ఎడిటింగ్‌లో ఆ మాటల్ని తీసేయాలి, అది పద్ధతి. దేవదానం గారు తీయలేదు.