తాగి చూసిన నీళ్లు

ముసలితనంలో నేర్చిన అక్షరాలు. తప్పులుంటే, కథ నిదానంగా సాగితే మన్నించండి.

నిజాం మీదికి మిలిటరీ వచ్చిన వారం, పారిపోయేవాళ్లెవరో బావిలో విషం కలిపారని దేవరకొండ పక్క ఊళ్లో పుకారు లేచింది. ఊరు దాటొద్దని హుకుం. మరో బావి లేదు. జ్వరంతో కాలిపోతున్న బిడ్డ నీళ్లడుగుతోంది. యాదలక్ష్మి ముంత నింపి, ముందు తానే తాగి కూర్చుంది.

“నిన్నటిదాంక గవే తాగినవ్ గదనే, గిప్పుడేమొచ్చె?” అంది అత్త భద్రమ్మ.

“నిన్న గీ మాట ఇనలే అత్తా.”

“నీకేం కాలే గద, పొయ్యి మరి!”

“ఎంతసేపటికి అయితదో ఎవలకెర్క?”

“అమ్మా, నీళ్లు...” బిడ్డ గొంతు పీలగా వచ్చింది.

ఇంకాసేపు ఆగుదామనుకుంటూనే యాదలక్ష్మి ముంతను పిల్ల పెదవులకు ఆనించింది. ఒక్కో గుక్కా దిగుతుంటే ఆపమనాలో తాగమనాలో తెలియలేదు.

ఆ బిడ్డను నేనే: బాలనర్సమ్మ, డెబ్బయి ఒక్క ఏండ్లు, ఇప్పుడుండేది హుజూర్‌నగర్.