సెలవులో ఉన్న గంగవ్వ

మరమగ్గాల పేట ఉధ్నాలోని మా తెలుగు బడికి యాభై ఏళ్లు నిండిన రోజు అది. గేటు దగ్గర కమలాకర్ బల్ల వేసుకుని పూర్వ విద్యార్థుల పేర్లు రాసుకుంటున్నాడు. వాడూ నా దగ్గర చదివినవాడే. పేరు రాయించుకున్నవాళ్లంతా మెట్ల మీద ఫోటోకు నిలబడాలి.

గంగవ్వ కార్ఖానాలో పని పాళీ దిగి నేరుగా వచ్చింది. జుట్టుకు నూలు పీచు అంటుకుని ఉంది.

"ఏడో తరగతి సర్టిఫికెట్ ఏది అక్కా?" అడిగాడు కమలాకర్. మా బడిలో ఆఖరి తరగతి అదే.

"నాలుగుల్నే ఆగిన తమ్మీ. మా అమ్మ కండెలు చుట్టనీకి తోల్కపోయింది."

"మరి పూర్వ విద్యార్థి ఎట్లయితవ్? జర అటు కూసో, ఖానా తిని పో."

"ఖానాకు రాలే. ఆ ఫోటోల నిలబడనీకి వచ్చిన."

నేను కల్పించుకున్నాను. "కమలాకర్, ఆ మాటకు పాసైనవాడని అర్థం లేదు. ఇంతకుముందు ఇక్కడ చదివినవాడని మాత్రమే."

"మీరు చెప్తే కాదంటనా టీచర్? కానీ సబూత్ ఉండాలె గదా. బడి మానినోళ్ల పేరు ఎప్పుడో కొట్టేసి ఉంటరు."

రఘుపతి గారు కొట్టేయలేదు. ఆయన ఈ బడికి హెడ్మాస్టరు, నా భర్త. పోయి నాలుగు నెలలైంది. బడిలో ఆయన బీరువా నేనింకా తెరవలేదు. తాళంచెవి మాత్రం సంచిలోనే పెట్టుకు తిరుగుతున్నాను.

వెళ్లి తెరిచాను.

మగ్గాల మీదికి వెళ్లిన పిల్లల పేర్లను ఆయన ప్రతి జూన్‌లో పై తరగతి రిజిస్టరులోకి ఎక్కించేవారు. పక్కన "సెలవు" అని రాసేవారు. "రేపు వస్తారేమో" అనేవారు.

ఏడో తరగతి రిజిస్టరు కమలాకర్ ముందు పెట్టాను. గంగవ్వ, సెలవు. వాడి వేలు రెండు వరుసలు దిగి ఆగింది. సాంబయ్య, సెలవు. తమ్ముణ్ణి చదివించడానికి లూమెక్కిన వాళ్లన్న.

కమలాకర్ ఆ రెండు పేర్లూ రాసుకున్నాడు. తర్వాత ఫోన్ తీశాడు.

"అన్నా, లూమ్ బంద్ చెయ్. బడికి రా... ఏందంటవేంది? నీ పేరున్నది! దోస్తులను గూడ తోల్కరా."

ఫోటో గంట ఆలస్యమైంది. "సెలవు"లో ఉన్నవాళ్లు పద్నాలుగు మంది వచ్చారు. అందరినీ పట్టించడానికి ఫోటోగ్రాఫరు రోడ్డు దాకా వెనక్కి నడిచాడు.

రిజిస్టరు పట్టుకుని నేను హాజరు పిలిచాను. ఆయన అక్షరాలు చదవగలనో లేదో అనుకున్నాను. చదవగలిగాను.

"గంగవ్వ."

"ఆజర్ టీచర్!"

ఎదుటి కార్ఖానా మగ్గాల చప్పుడును మించి వినబడింది.