మధ్యలో కోకిల

కూతురు కోకిలకు పెళ్లయినప్పటి నుంచి కమలమ్మ అల్లుడితో ఒక్క మాట మాట్లాడి ఎరగదు. కోపం ఉండి కాదు, అల్లుడి ముందు అత్త నోరు విప్పడం తమ ఊరు పాండూరులో మర్యాద కాదు గనుక. దామోదరం ఇంటికొస్తే ఆమె తలుపు వెనక నిలబడి, "కోకిలా, కాపీ ఆరిపోతా ఉండాదని చెప్పు" అంటుంది. అతను గోడవైపు చూస్తూ "తాగతానని చెప్పు" అంటాడు. ఇద్దరికీ అదే హాయిగా ఉండేది. కానీ కారులో ఏ తలుపు వెనక నిలబడాలి?

దామోదరం తిరువళ్ళూరులో ఆఫీసు ఉద్యోగి. ఎవరో డాక్టరు వాడి వదిలేసిన అంబాసిడర్ కొన్నాడు. కారు చూడ్డానికి మహా సొగసు, బ్యాటరీ మాత్రం మహా సోమరి. ఇంజిను ఒకసారి ఆగిందంటే తోస్తేగాని లేవదు. అందుకని ఎక్కడికెళ్లినా పల్లం చూసుకుని ఆపుతాడు. తిరుత్తణిలో పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించినా దాని గుణం మారలేదు.

తలకోన జలపాతం కింద ఒక్కసారి నిలబడాలని కమలమ్మ ఆశ. ఎదురింటి వరదమ్మ చూసొచ్చిన నాటి నుంచి ఆ నీళ్ల సంగతి చెప్పి చెప్పి ఆమె ప్రాణం తీస్తోంది. వానలు వెలిశాక, ఆ అడవిని కొత్తగా నేషనల్ పార్కు చేశారని పేపర్లో పడితే, కమలమ్మ కూతురి చేత అల్లుడికి చెప్పించింది. అతను సరేనన్నాడు.

తెల్లవారకముందే బయలుదేరారు. భాకరాపేట ఘాట్ రోడ్డు మలుపుల్లో ముందు సీట్లోని కోకిలకు కడుపులో తిప్పింది. మాత్ర మింగి, తల కిటికీకి ఆనించి నిద్రపోయింది. ఆ తర్వాత దామోదరం అడవంతా ఇంజిను ఆపకుండానే చూపించాడు. "అదిగో దుప్పి!" అని స్టీరింగుతో చెప్పేవాడు. కమలమ్మ మెడ తిప్పేసరికి అక్కడ గడ్డి మాత్రం ఊగుతుండేది. ఎర్రటి కొండచరియలు వచ్చాయి, పోయాయి. పోనీలే, నేనొచ్చింది నీళ్ల కోసం కదా అని సరిపెట్టుకుంది.

తలకోనలో గుడి దగ్గర జలపాతానికి దారి చూపే బోర్డు కనిపించింది. దామోదరం చుట్టూ చూసి కారు వెనక్కి తిప్పసాగాడు.

"కోకిలా, యాడికి తిప్పతా ఉండారో అడుగుమే" అంది కమలమ్మ.

కోకిల చిన్నగా గురక పెట్టింది.

"కోకిలా, ఇదంతా చదునుగా ఉండాదని మీ అమ్మకు చెప్పు" అన్నాడు దామోదరం. "ఆపితే మళ్లీ స్టార్టు కాదు. ఇంకోసారి వస్తాం."

"ఇంకోసారి ఎప్పుడంట? బోర్డు చూసొచ్చినానని వరదమ్మకు చెప్పాల్నా?"

"తోసేదానికి మనుషులు యాడుండారో అడుగు."

కోకిల తల అటు నుంచి ఇటు వాల్చింది. కారు సగం తిరిగింది. బోర్డు వెనక్కి జారిపోతోంది.

"మాపిళ్ళా! నిలపండి! నేను తోస్తా!"

దామోదరం కాలు బ్రేకు మీద పడింది. కారు దగ్గి ఆగిపోయింది. కమలమ్మ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అల్లుణ్ణి నేరుగా మాపిళ్ళా అని పిలిచిన తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. దామోదరం వెనక్కి తిరగలేదు, అద్దంలోంచి ఆమెను చూశాడు.

"సరే అత్తా. ఎట్లాగూ నిలిచిపోయింది, పోదాం పదండి" అన్నాడు.

నిద్రపోతున్న కోకిలను కాస్త చూస్తూ ఉండమని గుడి దగ్గర పూలమ్మే ఆమెకు చెప్పి నడిచారు. దారిలో రాళ్లు పాచి పట్టి ఉన్నాయి. అల్లుడు తన తువ్వాలు ఒక కొస అందించాడు. అత్త రెండో కొస పట్టుకుంది. నీళ్ల కింద నిలబడగానే కమలమ్మ చిన్నపిల్లలా కేకపెట్టింది. అంత సంతోషం ఆమెకు ఈ మధ్య కాలంలో ఎన్నడూ లేదు.

"ఎంత చల్లగా ఉండాదో! మీరూ రాండి మాపిళ్ళా!"

అతను ప్యాంటుతోనే వచ్చి నిలబడ్డాడు.

తిరిగొచ్చాక అతను ముందు తలుపు తెరిచి, స్టీరింగు పట్టుకుని తోశాడు. కమలమ్మ తడి చీర ఎగ్గట్టి వెనక నుంచి తోసింది. పూలమ్మే ఆమె కూడా ఒక చెయ్యి వేసింది. కారు కదలగానే దామోదరం లోపలికి ఎగిరి కూర్చుని గేరు వేశాడు, ఇంజిను అందుకుంది. కమలమ్మ గబగబా వెనక సీట్లోకి ఎక్కింది. కారు కుదుపుకు కోకిల లేచింది.

"ఆ డాక్టరు మిమ్మల్ని బాగా మోసం చేసినాడు మాపిళ్ళా" అంటోంది వెనక సీట్లో తల్లి.

"నేనూ అదే అనుకుంటా ఉండా అత్తా."

కోకిల కళ్లు నులుముకుని, అలవాటుగా వెనక్కి తిరిగింది. "అమ్మా, ఆయన్ను ఏమన్నా అడగాల్నా?"

"ఏం వద్దుమే" అంది కమలమ్మ జుట్టు పిండుకుంటూ. "మేము మాట్లాడుకుంటా ఉండాం. నువ్వు పడుకో."