ఉప్పు లేని కూర

కూరలో ఉప్పు చిటికెడు తగ్గినా మా ఆయన ఇల్లు పీకి పందిరేస్తారు. ఇరవై ఏళ్ల కాపురంలో నేను విన్న ప్రేమ మాటలన్నీ ఉప్పు గురించే. అలాంటి మనిషి ఓ రోజు, నేను ఉప్పు వేయడమే మరిచిపోయిన కూరను కిక్కురుమనకుండా తిని చెయ్యి కడుక్కున్నారు. మర్నాడు కావాలనే వేయలేదు. అదీ తిన్నారు. నా గుండె జారిపోయింది.

ఆయన ఒక పెద్ద కంపెనీలో లెక్కల విభాగానికి అధిపతి. ఆయన నోటికి రుచి పోయిందంటే కంపెనీకి ఏదో మూడిందన్నమాటే. నా స్కూలు జీతంలోంచి కూడబెట్టి కొనుక్కున్న ఆ కంపెనీ షేర్లన్నీ మూడోరోజు పొద్దున్నే అమ్మేశాను. ఆయనతో ఒక్క మాట అనలేదు. ఉన్న దిగులు చాలదా, నేను కూడా ఎందుకని ఊరుకున్నాను.

ఆ వారం తిరగకుండానే కంపెనీ నష్టాలు బయటపడ్డాయి. షేరు కుప్పకూలింది. కొన్నాళ్లకు నోటీసు వచ్చింది. బయటికి పొక్కని సంగతి మొగుడు చెప్పాడట, పెళ్లాం అమ్ముకుందట. మొదటి ముద్దాయి ఆయన, రెండో ముద్దాయి నేను. నేరం రుజువైతే ఇద్దరికీ జైలే.

మా లాయరు గారి గదిలో ఏసీ కారుతూ ఉండేది, దాని కింద ఓ బకెట్. ఉప్పు సంగతి విని ఆయన పడీపడీ నవ్వారు. తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"నేను నమ్ముతానమ్మా, నాకూ పెళ్లయింది. కానీ మొహం చూసి కనిపెట్టానంటే కోర్టులో ఎవరు నమ్ముతారు? అంత అన్యోన్యంగా ఉన్నవాళ్లు ఒక్క మాటైనా అనుకోలేదా అంటారు. మీ ఇద్దరికీ అసలు మాటల్లేవని చెప్పండి. గొడవ వదిలిపోతుంది."

"మరి షేర్లెందుకు అమ్మావంటే?"

"భయమేసి అమ్మానని చెప్పండి. భయం నిజమేగా."

నేను పక్కనే కూర్చున్న మా ఆయన వంక చూశాను. "చెప్పెయ్. ఉత్త మాటలే కదా," అన్నారు.

కోర్టులో వల్లె వేసినట్టే చెప్పాను. ఏడాదిగా ఎడమొహం పెడమొహంగా ఉన్నామని, పడకలు కూడా వేర్వేరు గదుల్లోనని. అవతలి లాయరు కాగితాల్లోంచి తలెత్తాడు.

"ఎందుకమ్మా? అంతగా ఏం చేశారాయన?"

ఈ ప్రశ్నకు మా లాయరు నాకేమీ నేర్పలేదు. తడుముకుంటానని అవతలివాడి ధీమా.

నేను తడుముకోలేదు. "నాకు ఆపరేషనైన రోజు ఆయన మీటింగుకి వెళ్లారు," అన్నాను. "మా నాన్న పోయినరోజు శవం ఇంట్లో ఉండగానే ఫోన్ పట్టుకుని మేడెక్కారు. ఇన్నేళ్లలో ఒక్కసారి, నువ్వు తిన్నావా అని అడగలేదండీ. ఉప్పెందుకు తగ్గిందని మాత్రం అడిగేవారు."

జడ్జి గారు మంచినీళ్లు ఇప్పించారు.

అందులో ఒక్కటీ అబద్ధం కాదు. ఇవన్నీ నా కడుపులో ఉన్నాయని అప్పటిదాకా నాకే తెలియదు. మా ఆయన తల దించుకుని తన చేతుల వంకే చూసుకుంటున్నారు.

కేసు కొట్టేశారు. మా లాయరు వరండాలో పొంగిపోయారు. "ఎంత సహజంగా చెప్పారమ్మా! నాకే కళ్లనీళ్లు తిరిగాయి!" కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఆయనకేం చెప్పను?

ఇంటికొచ్చి వంట చేశాను. కూరలో ఉప్పు వేయలేదు, కావాలనే. వడ్డించి ఎదురుగా నిలబడ్డాను. ఒక్క తిట్టు తిట్టండి మహానుభావా, పోనీ కంచం విసిరేయండి, అని మనసులోనే దండం పెట్టుకున్నాను. ఆయన మెతుకు మిగల్చకుండా తిన్నారు. చెయ్యి కడుక్కుని వచ్చి, ఇంటికొచ్చిన చుట్టాన్ని పలకరించినంత మర్యాదగా అడిగారు.

"నువ్వు తిన్నావా?"

జవాబు కోసం ఆగలేదు. ఎప్పుడూ ఎవరూ పడుకోని ఆ రెండో గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు.

ఆ మొహం నాకు తెలుసు. కంపెనీ మునిగే ముందు చూసిన మొహమే. అప్పుడంటే ముందే అమ్మేసుకుని బయటపడ్డాను. ఈసారి అమ్ముకోవడానికి నా దగ్గర ఏమీ లేదు.