రాని నెలకు కిరాయి

లోకంలో ఇల్లుగలవాళ్ళు కిరాయి కోసం తలుపులు కొడతారు. బీదర్ మంగల్‌పేటలోని సక్కుబాయి ఇంట్లో మాత్రం అంతా తిరకాసు. అమావాస్య దాటి కొత్త నెల పుట్టిందో లేదో, కిరాయికున్న రిబ్కాయే నోట్లు పట్టుకుని వచ్చి ముసలామె తలుపు కొట్టేది. గడిచిన నెలది ఇచ్చి, రాబోయే నెలది కూడా ముందే తీసుకోమని బతిమాలేది. సక్కుబాయి గడిచిన నెలది తీసుకుని, రెండు చేతులూ వీపు వెనక దాచేసుకునేది.

“ఆలు లేదు, సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టున్నది నీ యవ్వారం. నెల ఇంక నడవనే లేదు, దానికి పైసలేందే?”

రిబ్కా మొండితనానికి కారణం లేకపోలేదు. అంతకుముందు హుమ్నాబాద్‌లో ఉండేవాళ్ళు. భర్త మోహన్ నడిపే లారీ గ్యారేజీలో పడి కిరాయి కాస్త ఆలస్యమైతే, అక్కడి ఇంటాయన సామానంతా రోడ్డు పక్కన పెట్టించాడు. వానలో తడుస్తున్న కుట్టుమిషన్ మీద తన కొంగు కప్పి నిలబడ్డ ఆ సాయంత్రం రిబ్కా కడుపులో అట్లాగే ఉండిపోయింది. తొలిపంటలో తొలిభాగం దేవునికి ఇవ్వాలని చిన్నప్పటి నుంచి చర్చిలో విన్నది. ఆ తర్వాతి భాగం తల మీది కప్పుకు ఇచ్చేస్తే ఇక ఎవరూ వెళ్ళగొట్టలేరని ఆమె లెక్క.

“తీస్కోనోళ్ళకు బలిమికి ఇచ్చేటిదాన్ని నిన్నే చూసిన,” అని మోహన్ నవ్వేవాడు.

ఒక మధ్యాహ్నం అరుగు మీద బియ్యంలో రాళ్ళు ఏరుతూ సక్కుబాయి అసలు సంగతి బయటపెట్టింది.

“రాని నెలకు పైసలు తీస్కుంటే ఆ నెలంత నేను బతికుండాలె బిడ్డా. నడుమల పాణం పోతే? నీ రుణం నెత్తిన పెట్టుకొని పోవాలె. వచ్చే జన్మల నీ ఇంట్ల ఎద్దునై దున్నాలె.”

“మాకు చేన్లే లేవు గదవ్వా, ఎద్దుతోని ఏం జెయ్యాలె?”

“అయితే నీ మిషిన్ తొక్కుత తీ!”

ఇద్దరూ కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వుకున్నారు. దుబల్గుండి నుంచి కొత్త పెళ్ళికూతురిగా ఎడ్లబండిలో ఈ ఊరికి వచ్చిన సంగతి, బండిలో భర్త రాచయ్య పరిచిన మెత్తటి గడ్డి సంగతి సక్కుబాయి ఆ రోజే చెప్పింది. రాచయ్య పోయి ఏళ్ళయింది. పిల్లలు కలగలేదు. రిబ్కా వచ్చాక ఆ ఇంట్లో మళ్ళీ మాటలు వినబడుతున్నాయి.

ఈ ఏడు శ్రావణంలో ముసురు పట్టింది. పట్టిందంటే అట్లాంటిట్లాంటి ముసురు కాదు. కోటగోడలు మబ్బులో కలిసిపోయాయి. ఎర్రమట్టి సందులన్నీ మెత్తబడి, ఊరు ఊరంతా కునుకు తీస్తున్నట్టు ఉండేది. ఆ ముసురులోనే సక్కుబాయికి జ్వరం వచ్చింది. జ్వరమైతే తగ్గింది గానీ మనిషి మంచం దిగలేదు. రోగమేమీ లేదు, తింటే లేస్తుందన్నాడు డాక్టరు. ముసలామె ముద్ద ముట్టలేదు.

“మా ఆయన వస్తుండు బిడ్డా,” అన్నది మెల్లగా. “పగటిపూట కన్నంటుకుంటే సాలు, బండి కట్టుకొని దర్వాజ ముంగట నిలబడుతుండు. గడ్డి పరిచిండు. ఎడ్ల గంటలు గల్లుమంటయ్. ఇయ్యాలనో రేపో ఎక్కుత.”

ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖంలో భయం లేదు. పుట్టింటికి ప్రయాణమైన పిల్లకున్నంత సంబరం ఉంది. రిబ్కాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక జావ గిన్నెను ఠపీమని కింద పెట్టింది.

హళ్ళిఖేడ్ నుంచి మేనల్లుడు బసవరాజ్ చూడ్డానికి వచ్చాడు. మంచివాడే. వెళ్తూ వెళ్తూ రిబ్కాను పక్కకు పిలిచాడు. “ఫికర్ చెయ్యకక్కా. అత్త పోయినా మిమ్ముల కాలీ చెయ్యమని అడగ. ఎప్పటి లెక్కనే ఉండుండ్రి,” అన్నాడు.

ఇన్నేళ్ళూ రిబ్కా వినాలనుకున్న మాట అదే. కప్పుకు ఢోకా లేదు. అయినా లోపలికి వెళ్ళి కుట్టుమిషన్ మీద తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. తన భయం ఇంటి గురించి కాదని అప్పుడు తెలిసింది ఆ పిచ్చిపిల్లకు.

ఏడ్చి ఏడ్చి అక్కడే కునుకు పట్టింది. ఎక్కడో గంటలు గల్లుమన్నాయి. చూస్తే వాకిట్లో ఎడ్లబండి. గొంగడి కప్పుకున్న పెద్దాయన ఎడ్ల వీపులు నిమురుతున్నాడు. అంత ముసురులోనూ బండిలోని గడ్డి పొడిగా, పచ్చగా మెరుస్తోంది. సక్కుబాయి తల దువ్వుకుని, చంకన చిన్న మూటతో నవ్వుతూ గడప దాటుతోంది. “అవ్వా, ఆగు!” అని అరుద్దామంటే రిబ్కాకు గొంతు లేదు. కాళ్ళు మిషన్ తొక్కుతూనే ఉన్నాయి. సూది కింద నీలంబట్ట వాగులాగా పారుతూనే ఉంది. ఆపుదామంటే ఆగదు.

ఉలిక్కిపడి లేచింది. వాకిట్లో వాన తప్ప ఏమీ లేదు.

అమావాస్య మొన్ననే వెళ్ళింది. రిబ్కా డబ్బాలోంచి డబ్బులు తీసి గబగబా సక్కుబాయి గదిలోకి నడిచింది. ముసలామె మగతలో ఉంది. చెయ్యి మంచం మీద తెరిచి ఉంది. రిబ్కా ఆ అరచేతిలో నోట్లు పెట్టి, ఒక్కొక్క వేలే మూసింది.

సక్కుబాయి కళ్ళు తెరిచింది. “ఏందే ఇది?”

“కిరాయి.”

“నిన్ననే ఇస్తివి గదనే.”

“అది పోయిన నెలది. ఇది రాని నెలది. నువ్వు తీస్కున్నవ్. పిడికిలి గూడ బిగించినవ్.”

మగత దెబ్బకు వదిలిపోయింది. “వాపస్ తీస్కో!”

రిబ్కా రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది.

“ఓసి దగాకోరుదానా! ప్రార్థన చేసేటిదానివి, ముసల్దాన్ని మోసం జేస్తవా?”

“చేస్త. దేవునికి నేనే జవాబు చెప్పుకుంట.” రిబ్కా మంచం పట్టె మీద కూర్చుంది. “నువ్వు పోయినా నాకు ఇల్లుంటదంట అవ్వా. ఇంట్ల మనిషే ఉండదు. నేనేం జేసుకోవాలె ఆ గోడల్ని?”

సక్కుబాయి గోడవైపు తిరిగి పడుకుంది. తప్పు చేశానేమో, పోయే మనిషి నెత్తిన బరువు పెట్టానేమో అని రిబ్కా గడపలో కూలబడింది. పునర్జన్మలంటే తనకు నమ్మకం లేదు. కానీ అవ్వకు ఉంది కదా.

దీపాలు పెట్టే వేళకు గోడవైపు నుంచి గొంతు వినబడింది.

“జావ ఉన్నదా? ఉంటే ఇంత ఉప్పేసి తే.”

తర్వాత రోజురోజుకూ తిట్లు పెరిగాయి. తిట్లతోపాటు ఆకలీ పెరిగింది. రిబ్కా ఒకనాడు ఉండబట్టలేక అడిగింది. “తాత వస్తుండా అవ్వా?”

“వచ్చిండు. కిరాయి తీస్కున్న, నెల పూరా అయ్యేదాక రాను, పొమ్మన్న. తల గోక్కుంట బండి మలుపుకున్నడు. పాపం, ఎడ్లు మస్తు తడిసినయ్.”

రిబ్కా నవ్వింది కానీ, ఆ నెల కరుగుతున్న కొద్దీ మిగిలిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టుకునేది. నెల నిండితే రుణం తీరుతుంది. రుణం తీరితే అవ్వను పట్టి ఉంచేది ఏముంది?

అమావాస్య దాటిన తెల్లారి రిబ్కా తలుపు తీసి బిగుసుకుపోయింది. సక్కుబాయి తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, చక్కగా తల దువ్వుకుని అరుగు మీద కూర్చుంది. సందు చివరికి చూస్తోంది. అంతా కలలో చూసినట్టే. రిబ్కా వెళ్ళి పక్కన కూలబడింది.

ముసలామె ఇటు తిరగకుండానే అరచెయ్యి చాపింది.

“ఏందవ్వా?”

“కిరాయి. సంకురాత్రి పూసమాసం దాకా లెక్కగట్టి ఇయ్యి. ఈ యేడు లేత జొన్నకంకులు కాల్చుకొని తినాలె.”

రిబ్కా ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని ముఖానికి అదుముకుంది. “అన్ని పైసలు ఇప్పుడు నా తాన లేవవ్వా!”

“లేకుంటే మెల్లగియ్యి,” అన్నది సక్కుబాయి. “నేను యాడికి పోతున్న?”