చెమట పట్టని చోట

మెత్తటి సీసపు తీగను గుర్రం మూపు మీద అడ్డంగా పెట్టి, రెండు అరచేతులతో అదిమాడు జీనుల మేస్త్రి. తీగ వీపు వంపుకు అతుక్కుంది. ఆకారం చెడకుండా పైకి లేపి, అట్టముక్క మీద పెట్టి, పెన్సిలుతో దాని వెంబడే గీశాడు. చాలా గుర్రాలకు ఆ గీత ఇంటికప్పులా వస్తుంది. దీనికి బోర్లించిన పళ్ళెంలా వచ్చింది.

ఈ ఆడగుర్రాన్ని స్వారీ బడిలో అందరూ 'పరుపు' అంటారు. దాని వీపు మీద కాళ్ళు చాపుకుని నిద్రపోవచ్చని వెక్కిరింత.

ముప్ఫై ఏళ్ళలో మేస్త్రి తీగ ముట్టుకున్నది బహుకొద్దిసార్లు. "కళ్ళున్నాయిగా, తీగెందుకు?" అనేవాడు. గుర్రాన్ని ఓసారి పక్కనుంచి, ఓసారి వెనకనుంచి చూసి, గోడకున్న జీనుల్లోంచి ఒకటి లాగి వేసేవాడు. సరిపోయేది. చూసేవాళ్ళు ఆహా అనేవాళ్ళు. ఆ ఆహాకి అలవాటుపడ్డాడు.

పది రోజుల కిందట పరుపుకీ అలాగే కంటికొలతతో జీను వేశాడు. లోపలి చట్రం ఇరుకు. జీను వీపు మీద కూర్చోకుండా ఎత్తుగా నిలబడిందని తెలుస్తూనే ఉంది. అయినా దించలేదు. మెత్తగా ఉంటుందని కింద ఇంకో దుప్పటి మడతపెట్టి తోశాడు. బిగుతు బూటులోకి రెండో మేజోడు తొడుక్కున్నట్టు. దొర్లకుండా ఉంటుందని పొట్టపట్టీని ఇంకో రెండు రంధ్రాలు బిగించాడు. మొదటి మలుపులోనే జీను పక్కకి దొర్లింది. దాని మీదున్న, స్వారీ నేర్పే టీచరమ్మ కంచె మీద పడింది. ఎడమ మోచెయ్యి విరిగింది.

అందరూ ఆవిడ చుట్టూ మూగారు. మేస్త్రి గుర్రాన్ని షెడ్డు వెనక్కి నడిపించి జీను దించాడు. వీపంతా చెమటతో తడిసిపోయింది, మూపుకి అటూ ఇటూ అరచెయ్యంత మేర తప్ప. ఆ రెండు చోట్లా పొడిగా ఉంది. జీను అంతలా నొక్కేస్తే అక్కడ చెమట కూడా పట్టదు. పని తెలిసినవాడెవడైనా ఆ రెండు మచ్చలు చూస్తే చాలు, తప్పెవరిదో చెప్పేస్తాడు.

మేస్త్రి చుట్టూ చూశాడు. బకెట్లో గుడ్డ ముంచి వీపు మొత్తం తుడిచేశాడు.

ఆ గుడ్డ పిండినప్పట్నుంచీ అతనికి తిండి సయించడం లేదు. భార్య అడిగితే పంటినొప్పన్నాడు. ఆవిడ పాపం పది రోజులుగా అన్నీ మెత్తగా ఉడికించి పెడుతోంది. ఒక్కో ముద్దకీ ఒక్కో అబద్ధం మింగుతున్నట్టుంది అతనికి.

ఈరోజు పరుపుని కొత్త టీచరు ఎక్కి చూస్తాడు. "ఒళ్ళు దగ్గర పెట్టుకుని చూడు మేస్త్రీ. సుఖంగానూ ఉండాలి, కదలకుండానూ ఉండాలి," అని ఓనరు పొద్దున్నే హెచ్చరించాడు. టీచరమ్మ కూడా వచ్చింది, చెయ్యి మెడలోంచి వేలాడేసుకుని, తన సామాను తీసుకెళ్ళడానికి. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగం మానేస్తోంది. గుర్రం తప్పేం లేదనీ, తనకే తూకం తప్పిందనీ ఆవిడ నమ్మకం.

మేస్త్రి అట్టముక్క చేత్తో పట్టుకుని జీనులు దించాడు. మొదటిది మధ్యలో ఇరుకై వెన్నెముకకి ఆనింది. రెండోది ముందు బాగానే కూర్చుంది కానీ వెనక ఉయ్యాలలా లేచింది. మూడోది పై అరలోంచి తీశాడు. పాతది, వెడల్పు చట్రం, ఎవరికీ నచ్చని అనాకారి జీను. దుప్పటి లేకుండా వేసి, రెండు పక్కలా కిందికి అరచెయ్యి దూర్చి జరిపాడు. ఎక్కడా ఎక్కువ నొక్కలేదు, ఎక్కడా ఖాళీ తగల్లేదు. వెనక్కెళ్ళి వంగి చూశాడు. జీను వెన్నెముకకి ఎక్కడా ఆనకుండా, ఈ కొస నుంచి ఆ కొసకి వెలుతురు కనిపించింది. ఒక పల్చటి గుడ్డ పరిచి, పట్టీ కింద రెండు వేళ్ళు దూరేంత వదులుంచి కట్టాడు.

ఇంతే పని. పావుగంట పట్టింది. జీను దొర్లిన రోజు కూడా ఆ పావుగంట లేకపోలేదు.

కొత్త టీచరు ఎక్కాడు. నడిపించాడు, పరిగెత్తించాడు, అదే మలుపు తిప్పాడు. జీను వెంట్రుకవాసి కదల్లేదు. పరుపు చెవులు ముందుకి పెట్టి, తెరిపిన పడ్డట్టు పెద్దగా ఊపిరి వదిలింది.

"చూశారా మేడం!" అన్నాడు ఓనరు. "బంగారంలాంటి గుర్రం!"

"నేను మొదట్నుంచీ అదే మొత్తుకుంటున్నాగా," అని నవ్వింది టీచరమ్మ. "అది చేసిందేం లేదు. నాకే వయసైపోయింది."

ఓనరు కాదనలేదు. మేస్త్రి వీపు తట్టాడు.

అప్పుడర్థమైంది మేస్త్రికి. తను ఇవాళ సరిగ్గా వేసిన జీనే ఆవిడ మీద సాక్ష్యమైపోయింది. నోరు తెరిచాడు. కొత్త టీచరు "శభాష్ మేస్త్రీ!" అంటూ కిందికి దూకాడు. నోరు మూసుకుపోయింది.

మధ్యాహ్నం ఆవిడ అట్టపెట్టెని గేటు దాకా అతనే మోశాడు. అవతల కారు ఆగి ఉంది.

"రోజూ వంటింట్లో ఒంటికాలి మీద నిలబడి చూసుకుంటున్నానన్నా," అంది టీచరమ్మ. "పాలు పొంగేదాకా నిలబడగలుగుతున్నా. మరి ఆరోజు ఎందుకు పడ్డానో ఏంటో!"

"జీను ఇరుకమ్మా," అన్నాడు మేస్త్రి. ఆ మాట బయటపడ్డాక మిగతావి ఆగలేదు. "కొలవలేదు నేను. దుప్పటి కుక్కి సరిపెట్టాను. వీపు మీద మచ్చలు పడ్డాయి. తుడిచేశాను."

ఆవిడ నడక ఆగింది.

"జీను సంగతి సరే. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. తుడిచేశారా?"

"ఆఁ."

"నేను కిందపడి అరుస్తున్నప్పుడా?"

తల ఊపాడు.

"ఇందాక వయసైపోయిందని అందరి ముందూ అన్నాను. మీరు నా పక్కనే ఉన్నారు కదన్నా!"

ఆవిడ ఒంటిచేత్తో పెట్టె లాక్కుని నడుముకి ఆనించుకుంది. పెట్టె ఒరిగింది. మేస్త్రి సాయం పట్టబోతే, ఆవిడ భుజం అడ్డం తిప్పింది. కారు తలుపు పడింది.

దుమ్ము తగ్గాక చూస్తే గేటు దగ్గర ఒక బూటు పడి ఉంది. పెట్టెలోంచి జారింది. మేస్త్రి దాన్ని తీసుకుని కారు వెంట నాలుగడుగులు పరిగెత్తాడు. ఎదురుపడి ఇవ్వడానికి మొహం చెల్లక ఆగిపోయాడు.

తిన్నగా ఓనరు గదికి వెళ్ళి, నిలబడే మొత్తం చెప్పాడు. ఓనరు కిటికీలు మూస్తూనే విన్నాడు.

"ఇప్పుడెందుకయ్యా ఇదంతా తవ్వుకోవడం? కొత్తాయన రేపట్నుంచి వస్తున్నాడు. ఆవిడేమో వెళ్ళిపోయింది."

"ఆవిడకి ఫోన్ చేసి చెప్పండి. నేను చెప్పానని చెప్పండి."

"చూద్దాంలే, పద."

మేస్త్రి బూటుని బల్ల మీద పెట్టి, తలవంచుకుని బయటికి నడిచాడు. నిలబడలేక అది పక్కకి ఒరిగింది. ఏళ్ళ తరబడి కాలు మోపిన రికాబు ఒరుసుకుని, బూటు అడుగున అడ్డంగా ఒక గాడి పడింది. తూకం లేనివాళ్ళకి ఆ గాడి ఒక పక్కే లోతుగా దిగుతుంది. ఈ చివర ఎంత లోతో ఆ చివరా అంతే లోతు.