ఎంగిలి విస్తరి

తెల్లారి లేస్తే సుభద్రమ్మకి ఆకులతోనే పని. మన్యం నుంచి వచ్చిన అడ్డాకుల కట్ట విప్పి, తడిపి, చీపురుపుల్లలతో విస్తళ్ళు కుట్టి, రాయి కింద అణిచి, అప్పుడు పొయ్యి రాజేసేది. గరివిడికి అవతల రాళ్ళపేటలో ఆవిడది భోజనాల హోటలు. హోటలంటే ఏముంది, రెండు తాటాకు పాకలు, కూర్చోడానికి ఓ చాప. కానీ శుభ్రం అంటే సుభద్రమ్మదే. ఒకరు తిన్న చోట పేడనీళ్ళతో అలికితే గాని ఇంకొకరికి ఆకు వెయ్యదు. రైలు దిగినవాళ్ళు ఆవిడ పాక వెతుక్కుంటూ వచ్చేది అందుకే.

ఆ పాకలో ఇంకో సంగతుంది. అక్కడ తిన్నవాడి చదువు కాస్త ఆకు అంచున మిగిలిపోయేది, ఉప్పు మిగిలినట్టు. తిన్నవాడికి తగ్గేదేమీ లేదు లెండి. ఆ ఆకులో ఇంకెవరు తింటే వాళ్ళకది అబ్బేది. ఊళ్ళో అందరికీ తెలిసిందే. సుభద్రమ్మ కాపరానికొచ్చిన కొత్తలో, ఆచారం ప్రకారం మొగుడి ఆకులో తింది. ఆయన రైల్వే గ్యాంగుమన్. ఆయన పోయి ఏళ్ళయినా, బండి ఎంత దూరంలో ఉందో ఈవిడ అరికాళ్ళకి తెలుస్తుంది. తిన్న ఆకులు వేసేది పక్కింటి మరిడమ్మ గేదెకి. దాంతో రోజూ పోట్లాటే.

"అప్పా, ఆ లెక్కలాయన ఆకు మా గేదికి ఎయ్యకే తల్లీ! గడ్డిమోపు ముందెడితే బేరమాడినట్టు సూస్తంది గాని మెయ్యదు!"

ఆ లెక్కలాయనా, ఇంకో ముగ్గురూ వాల్తేరు యూనివర్సిటీ వాళ్ళు. అరవై ఎనిమిదో సంవత్సరం వేసవిలో పరిశోధనలకని దిగారు. రాళ్ళాయనది మాంగనీసు రాయి. లెక్కలాయనది కూలీల బతుకుల లెక్కలు. అమ్మోర్లాయనది జాతర్లు, పూనకాలు. జగన్నాధం అనే కుర్ర డాక్టరుది బోదకాలు. వాళ్ళ దగ్గర వాన మీద, వానపాము మీద, సముద్రం అడుగు మీద, మనుషుల మాటల మీద చదివేవాళ్ళు కూడా ఉన్నారని విని సుభద్రమ్మ నోరు తెరిచింది.

"ఇన్ని సదువులున్నాయి గదా బాబూ, మా తమ్ముడికేటయిందో సెప్పే సదువు లేదేటి?"

ఆవిడ బెంగంతా ఆ తమ్ముడి మీదే. అప్పలసూరి మాంగనీసు రాయి నలిపే షెడ్డులో పని చేసేవాడు. నవ్వితే వీధి చివరిదాకా వినపడేది. అలాంటివాడి మొహం ఇప్పుడు చెక్కతో చేసినట్టు బిగుసుకుపోయింది. మునివేళ్ళ మీద కోడిలా నడుస్తాడు. ఒక్క అడుగు వెనక్కి వెయ్యమంటే వెల్లకిలా పడతాడు. చేతిలో ముద్ద నోటికి చేరేలోపు సగం రాలిపోతుంది. వాడు తింటుంటే చూడలేక సుభద్రమ్మ పొయ్యి వైపు తిరిగిపోయేది.

ఒక్కొక్కరినీ అడిగింది. రాళ్ళాయన చేతిలో దుమ్ము సీసా ఊపుతూ, "ఆ షెడ్డు దుమ్ము మహా సన్నం, గాల్లోంచి పొద్దంతా దిగదు. మనుషుల సంగతి మాత్రం నా సబ్జెక్టు కాదమ్మా" అన్నాడు. "షెడ్డులో అందరూ మగాళ్ళే, చేరినవాడెవడూ రెండేళ్ళకి మించి నిలవడం లేదు. ఎందుకో మరి! రోగాలు నా సబ్జెక్టు కాదు" అన్నాడు లెక్కలాయన. అమ్మోర్లాయన మొహం వెలిగిపోయింది. "కోడినడక పూనకం! ఈ ఊళ్ళో తప్ప ఎక్కడా లేదు. మగాళ్ళకే వస్తుంది, తెలుసా?"

డాక్టరు సూరి కళ్ళు చూశాడు, మోకాలి మీద కొట్టి చూశాడు. "తాగుతాడా?"

"సుక్క ముట్టడు బాబూ."

"అయితే నరాల డాక్టరుకి చూపించండి. నాది బోదకాలు."

ఆ నలుగురూ ఒకే పంక్తిలో కూర్చునేవారు. ఆవకాయ గురించి మాట్లాడుకునేవారు, రైళ్ళ గురించి మాట్లాడుకునేవారు. ఒకరి చదువు గురించి ఒకరు అడిగితే ఒట్టు! ఈవిడకి ఒళ్ళు మండిపోయేది.

వాళ్ళు వెళ్ళిపోయే రోజు వచ్చేసింది. మధ్యాహ్నం పాసింజరుకి ప్రయాణం. అదే రోజు పొద్దు నడినెత్తి దాటకముందే సూరికి అమ్మోరు పేర వాతలు పెట్టాలని ఊరు నిర్ణయించింది. వాతలేసే పోతురాజు పెరట్లో నిప్పులు చేసి ఇనప కడ్డీలు అందులో దూర్చాడు. సూరి కొట్టం గుంజకి ఆనుకుని కూర్చున్నాడు. భయమేస్తున్నా మొహంలో కనపడదు, చేతులు మాత్రం ఆగకుండా వణుకుతున్నాయి.

"అప్పా, మరీ గట్టిగా కాలస్తాడేటే?" అన్నాడు, మాట ముద్దముద్దగా.

"లేదురా నాయనా, నానున్నాను గదా" అంది. అని లోపలికెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుంది. కిందటేడు ఇలాగే వాతలు పడ్డవాడు వారం తిరక్కుండా పోయాడు.

ముగ్గురు తిని లేచారు. డాక్టరు ఇంకా రాలేదు, ఎవరికో నెత్తురు తియ్యడానికి వెళ్ళాడు. చాప ముందు మూడు విస్తళ్ళు. సుభద్రమ్మ వాటినే చూస్తూ నిలబడిపోయింది. రాళ్ళాయన ముక్క ఒకటి, లెక్కలాయన ముక్క ఒకటి, అమ్మోర్లాయన ముక్క ఒకటి. కలిపే బుర్ర డాక్టరుది, ఇంకా వీధిలో ఉంది.

ఎంగిలి! అతిథికి ఎంగిలి పెట్టడం! తెలిస్తే ఈ పాకలో ఇంకెవరైనా కాలు పెడతారా? పాపం కాదూ? అరికాళ్ళలో సన్నగా జలదరింపు మొదలైంది. పాసింజరు వెనకటి స్టేషన్లో బయల్దేరింది.

వంగి, మూడు ఆకుల అంచుల నుంచీ మిగిలిన మెతుకులు తీసింది. కొత్త ఆకు వేసి, వేడన్నంలో ఆ మెతుకులు కలిపి, పైన పప్పు పోసింది, నెయ్యి వేసింది.

డాక్టరు పరుగున వచ్చి కూర్చున్నాడు. "త్వరగా అమ్మా, బండి వచ్చేస్తుంది."

మొదటి ముద్ద గబగబా మింగాడు. రెండోదీ అంతే. మూడో ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది.

"సన్నటి దుమ్ము" అన్నాడు మెల్లిగా, రాళ్ళాయన సీసా ఊపినట్టు చేతిలో ముద్ద ఊపుతూ. "రెండేళ్ళకి మించి నిలవరు." మళ్ళీ కాసేపటికి, "మగాళ్ళకే. కోడినడక." ముద్ద ఆకులో పడేశాడు. "అమ్మా! అప్పలసూరి పని చేసేది ఆ షెడ్డులోనా?"

"అవును బాబూ. మీరెప్పుడూ అడగలేదు గదా!"

డాక్టరు చెయ్యి కూడా కడుక్కోకుండా పెరట్లోకి ఉరికాడు. పోతురాజు అప్పటికే కడ్డీ బయటికి లాగాడు.

"ఆపు! ఆపవయ్యా! అది అమ్మోరు కాదు, దుమ్ము! ఊపిరితో పోయి మెదడుని పట్టింది!"

"పొద్దు దాటిపోతే అమ్మోరు ఒప్పుకోదు బాబూ" అన్నాడు పోతురాజు. సుభద్రమ్మ తమ్ముడికి అడ్డంగా వచ్చి నిలబడింది. "ముందు నన్ను కాల్సు మావా." పోతురాజు ఆవిడ మొహం చూసి, కడ్డీ నీళ్ళకుండలో ముంచేశాడు. పెరడంతా ఆవిరి కమ్మింది.

డాక్టరు సూరిని తన భుజం మీద మోపుకుని స్టేషన్‌కి నడిపించాడు. పట్నంలో పెద్దాసుపత్రిలో చేర్పిస్తానన్నాడు. "అబద్ధం చెప్పనమ్మా. ఆ షెడ్డుకి మళ్ళీ వెళ్ళకపోతే బతుకుతాడు. నవ్వు తిరిగొస్తుందో లేదో చెప్పలేను." బండి కదిలింది. కిటికీలోంచి సూరి చెయ్యి ఊపాడో, అది వణుకో, ఆవిడకి తెలియలేదు. ఇంటిదాకా ఏడుస్తూనే వచ్చింది.

పాకలో డాక్టరు తిన్న విస్తరి మడవకుండా అలాగే ఉంది, సగం అన్నంతో. దాన్ని తీయబోతుంటే గుమ్మంలో వీధి కుర్రాడు లక్ష్ముడు. మొన్ననే పెళ్ళయినవాడు, కాళ్ళ పారాణి ఇంకా పోలేదు.

"అప్పా, సూరి అన్న పని నాకిచ్చేసినారు. రేపట్నుంచి రమ్మన్నాడు షెడ్డు మేస్త్రీ!"

సుభద్రమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. వాడి సంబరం చూసి, ఆ ఆకుని చూసింది. ఈసారి కొత్త ఆకు వెయ్యలేదు.

"కూకోరా. ముందు తిను."

"ఎవలో తిన్న ఆకులాగున్నాది గదే?"

"అవును, ఎంగిలే. తిను."

లక్ష్ముడు ఆవిడ కళ్ళల్లోకి చూసి, చాప మీద కూర్చున్నాడు. పక్కింటి గేదె ఆకు కోసం అరుస్తోంది. ముద్ద తర్వాత ముద్ద, తినే కొద్దీ వాడి సంబరం చల్లారింది. ఆఖరి మెతుకు దాకా తిని, విస్తరి మడిచి, చాలాసేపు తన రెండు అరచేతులూ చూసుకున్నాడు.

"అప్పా" అన్నాడు. "పొలంలో పనేదైనా ఉందేటి?"